సముద్రం మీదుగా సెయిల్‌బోట్ డెలివరీ: అసౌకర్యాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పడవ ఒక తీరంలో, యజమాని ఇంకో తీరంలో ఉంటే, మధ్యలో ఉన్న సముద్రం దాటించి పడవను అప్పజెప్పడాన్ని డెలివరీ అంటారు. ఆ పనికి సిబ్బందిగా మొదటిసారి వెళ్ళాలనుకునేవాళ్ళు ఎక్కువగా తుఫానుల గురించే అడుగుతారు. తిరిగొచ్చినవాళ్ళను కదిపితే తడి గురించి, నిద్ర గురించి, టాయిలెట్ గురించి చెబుతారు. ఈ పేజీ ఆ రెండో రకం విషయాల కోసం.

సరదాగా చేసే సెయిలింగ్‌కూ డెలివరీకీ అంత తేడా ఏముంది?

సరదాగా వెళ్ళేటప్పుడు గాలి బాగుంటే బయల్దేరతాం, బాగోకపోతే ఆగిపోతాం. డెలివరీలో తేదీ ఉంటుంది. పడవ ఫలానా వారానికి అక్కడ ఉండాలి. సిబ్బంది ముగ్గురో నలుగురో. పడవ మనది కాదు, దాని అలవాట్లు మనకు తెలియవు.

దారి కూడా తరచుగా కష్టమైనదే పడుతుంది. గాలి వెనక నుంచి వీచే హాయైన ప్రయాణం యజమాని తన స్నేహితులతో చేసేస్తాడు. గాలికి ఎదురెళ్ళి పడవను తిరిగి తీసుకొచ్చే పని డెలివరీ సిబ్బందికి మిగులుతుంది. లాస్ ఏంజెలెస్ నుంచి హోనొలులుకు జరిగే ట్రాన్స్‌పాక్ రేసు 2,225 నాటికల్ మైళ్ళు. అందులో ఎక్కువ భాగం గాలి వెనక నుంచే తోస్తుంది. అవే పడవలు కాలిఫోర్నియాకు తిరిగి రావాలంటే ముందు ఎదురుగాలిలో ఉత్తరానికి ఎక్కి, పసిఫిక్ అధిక పీడన ప్రాంతాన్ని చుట్టి రావాలి. రోజులు పెరుగుతాయి, చలి పెరుగుతుంది. రేసులో సంబరంగా వెళ్ళిన పది మందిలో చాలామంది విమానంలో ఇంటికి పోతారు.

అమెరికా ఈశాన్య తీరం నుంచి కరీబియన్‌కు శరదృతువులో జరిగే డెలివరీలకు ఇంకో చిక్కు ఉంది. అట్లాంటిక్ హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. తొందరపడితే హరికేన్ భయం, ఆలస్యం చేస్తే ఉత్తరం నుంచి వచ్చే చలికాలపు ఈదురుగాలులు. మధ్యలో గల్ఫ్ స్ట్రీమ్. ఈ ప్రవాహం ఈశాన్యం వైపు పరుగెడుతుంటే ఉత్తరపు గాలి దానికి ఎదురు కొడితే, అలలు పొట్టిగా, నిటారుగా, గోడల్లా లేస్తాయి. స్కిప్పర్ (పడవ కెప్టెన్) రేవులో రోజుల తరబడి వాతావరణ సూచనలు చూస్తూ కూర్చుంటే విసుక్కోకండి. ఆ ఎదురుచూపు కూడా ప్రయాణంలో భాగమే, అందులోకెల్లా హాయైన భాగం.

పడవ ఎప్పుడూ వంగే ఉంటుందా?

ఎదురుగాలిలో వెళ్ళేటప్పుడు, అవును. 15 నుంచి 25 డిగ్రీల వంపు మామూలు. వినడానికి చిన్న అంకెలే. ఇల్లు మొత్తాన్ని ఒక పక్కకు ఎత్తిపెట్టి, అందులోనే వంట, నిద్ర, బట్టలు మార్చుకోవడం అన్నీ చేయమంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పైగా ఆ ఇల్లు కదులుతుంటుంది. ప్యాంటు వేసుకోవడానికి పది నిమిషాలు పట్టిందంటే మీరు చురుగ్గానే ఉన్నట్టు.

ఎదురుగాలికి ఇంత పేరు ఎందుకొచ్చిందో చిన్న లెక్క చెబుతుంది. గాలి 15 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు), పడవ వేగం 6 నాట్లు అనుకుందాం. గాలికి ఏటవాలుగా ఎదురెళితే పడవ మీదికి తగిలే గాలి దాదాపు 20 నాట్లు. అదే గాలి వెనక నుంచి వస్తే తగిలేది 9 నాట్లే. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి తేడా దాదాపు 5 రెట్లు. ఒకే రోజు, ఒకే సముద్రం. ఒక పడవలో టీ తాగుతుంటారు, ఎదురొచ్చే పడవలో కప్పు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు.

అలాగని వెనకగాలి పూర్తిగా సుఖం కాదు. పడవ ఎడమకూ కుడికీ గడియారం లోలకంలా ఊగుతూనే ఉంటుంది, రాత్రంతా. కాటమరాన్ (రెండు సన్నటి పడవలను పక్కపక్కన కలిపినట్టుండే పడవ) వంగదు, కానీ కుదుపులు ఎక్కువ. ఆ రెండిటి మధ్యనున్న అడుగు భాగాన్ని అల కింద నుంచి గుద్దినప్పుడు బల్ల మీది గిన్నెలు ఎగిరిపడతాయి. 'కాటమరాన్ అయితే హాయిగా ఉంటుంది కదా' అనే మాట రేవులో వినిపించినంతగా సముద్రం మధ్యలో వినిపించదు.

సీ సిక్‌నెస్ నాకు వస్తుందా?

వచ్చే అవకాశం ఎక్కువ. లోపలి చెవి 'కదులుతున్నాం' అంటుంది, గదిలోని గోడలు చూస్తున్న కళ్ళు 'లేదు' అంటాయి. ఈ గొడవే వికారానికి మూలం. ధైర్యానికీ దీనికీ సంబంధం లేదు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపిన నెల్సన్‌ను చివరిదాకా కడుపులో తిప్పడం వదల్లేదు. 1831 నుంచి 1836 దాకా బీగిల్ ఓడలో ప్రపంచం చుట్టిన డార్విన్‌దీ అదే అవస్థ.

వాంతి కంటే ముందొచ్చే లక్షణాలు పట్టుకోవడం ముఖ్యం. ఆవలింతలు మొదలవుతాయి. మనిషి మాటలు తగ్గిస్తాడు. చలి చెమట పడుతుంది, నోట్లో నీళ్ళూరతాయి. ఈ దశలోనే పైకొచ్చి దిగంతాన్ని చూస్తూ చుక్కాని పట్టుకుంటే చాలామందికి తేలికపడుతుంది. చుక్కాని పట్టుకున్నవాడికి పడవ ఎటు కదలబోతోందో ముందే తెలుస్తుంది, అందుకే అది మందులా పనిచేస్తుంది. అప్పటికీ తగ్గకపోతే కిందికి వెళ్ళి పడుకుని కళ్ళు మూసుకోండి. కింద నిలబడి సంచిలో సాక్సుల కోసం వెతకడం మాత్రం వద్దు. వికారాన్ని చేతులారా పిలిచినట్టే.

చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. ఆ రెండు మూడు రోజులు కడుపులో కొంచెం ఏదో ఒకటి ఉండేలా చూసుకోవాలి. పొడి బిస్కెట్లు, రొట్టె ముక్క, అల్లం, గుక్కెడు గుక్కెడుగా నీళ్ళు. వాంతుల కంటే ఒళ్ళు నీరసించి ఎండిపోవడం ప్రమాదం. రోజంతా నీళ్ళు నిలవని మనిషి గురించి స్కిప్పర్‌కు చెప్పాలి, మొహమాటపడకూడదు.

ఇంకో మాట. వాంతి వస్తే కాక్‌పిట్‌లోనే (పైన చుక్కాని పట్టేవాళ్ళు కూర్చునే చోట) బకెట్‌లో చేసుకోండి. పడవ అంచు మీదికి వంగి చేయబోయి జారిపడితే ప్రాణాల మీదికొస్తుంది.

మందులు వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, కానీ వికారం మొదలయ్యాక కాదు, ముందే. మెక్లిజిన్, సిన్నరిజిన్ మాత్రలు వాడుకలో ఉన్నాయి. రెండూ కొంత మగత తెస్తాయి. చెవి వెనక అతికించే స్కోపోలమైన్ పట్టీ కనీసం 4 గంటల ముందు పెట్టుకోవాలి, 72 గంటలు పనిచేస్తుంది. నోరు ఎండుతుంది, చూపు మసకబారవచ్చు. పట్టీని ముట్టుకున్న చేత్తో కన్ను నలుపుకుంటే పాప విప్పారిపోతుంది కాబట్టి చేతులు కడుక్కోవాలి. గ్లాకోమా ఉన్నవాళ్ళు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా దాని జోలికి పోకూడదు.

ఏ మందైనా నేల మీద ఉండగానే ఒకసారి వేసుకుని చూడండి. మీకు ఎంత నిద్ర తెస్తుందో అర్ధరాత్రి వాచ్‌లో (కాపలా వంతులో) తెలుసుకోవడం మంచి పద్ధతి కాదు.

నిద్ర సంగతేంటి?

నన్నడిగితే మొత్తం ప్రయాణంలో అసలు కష్టం ఇదే. మిగతావన్నీ దీన్ని పెంచేవే.

ముగ్గురు సిబ్బంది ఉంటే 3 గంటలు వాచ్, 6 గంటలు విరామం అనేది మామూలు ఏర్పాటు. కాగితం మీద 6 గంటలు బాగానే కనిపిస్తాయి. అందులో తడి బట్టలు విప్పడం, తినడం, ఉప్పు తుడుచుకోవడం పోతాయి. మధ్యలో తెరచాప తగ్గించాలని పైనుంచి కేక వస్తుంది. మళ్ళీ వాచ్‌కు పావుగంట ముందే లేచి తయారవ్వాలి. మిగిలేది 4 గంటలు, అదీ అదృష్టం బాగుంటే. ఇద్దరే ఉన్న పడవలో లెక్క చెప్పకపోవడమే మంచిది.

కొత్తవాళ్ళు మొదటి పగలు నిద్రపోరు. ఎండ, డాల్ఫిన్లు, ఉత్సాహం. రెండో రాత్రికి కాళ్ళూ చేతులూ ఆడవు. పగలైనా సరే, నిద్ర రాకపోయినా సరే, మొదటి విరామం నుంచే పడుకుని కళ్ళు మూసుకోవాలి. చూడటానికి సముద్రం రేపు కూడా ఉంటుంది.

ఎక్కడ పడుకుంటున్నారన్నది ఇంకో పెద్ద విషయం. అమ్మకానికి పెట్టేటప్పుడు గొప్పగా చూపించే ముందు క్యాబిన్‌లోని డబుల్ బెడ్ సముద్రంలో పనికిరాదు. అల దిగినప్పుడల్లా శరీరం పరుపు నుంచి గాల్లోకి లేచి మళ్ళీ పడుతుంది. పడవ నడుమ భాగంలో, వంగిన వైపు ఉన్న ఇరుకు సోఫా నయం. దాని అంచుకు కట్టే గట్టి గుడ్డ అడ్డును లీ క్లాత్ అంటారు. అది లేని పడవలో నిద్రలో కూడా ఒక చేత్తో ఏదో ఒకటి పట్టుకునే ఉంటారు. డెలివరీ పడవల్లో చాలావాటికి ఇది ఉండదు, యజమానికి ఎప్పుడూ అవసరం పడి ఉండదు కాబట్టి. తాడు, మందపాటి గుడ్డ ఉంటే బయల్దేరే ముందే కట్టుకోవచ్చు. ఆ గంట పని ప్రతి రాత్రీ పనికొస్తుంది.

అంత అలసిపోయాక ఎక్కడైనా నిద్ర పట్టదా?

చప్పుడు పట్టనివ్వదు. పడవ గోడ మందం కొన్ని సెంటీమీటర్లకు మించదు, దాని అవతల నీళ్ళు చెవి పక్కనే పరుగెడుతుంటాయి. తాళ్ళు స్తంభానికి కొట్టుకుంటాయి. చుక్కానిని తనంతట తానే నడిపే ఆటోపైలట్ మోటారు రెండేసి సెకన్లకు మూలుగుతుంది. కాక్‌పిట్‌లో వించ్ (తాళ్ళు బిగించే యంత్రం) తిప్పితే కింద పడుకున్నవాడికి తల మీద రాళ్ళు దొర్లించినట్టే. ఇవన్నీ రెండో రోజుకు అలవాటైపోతాయి.

అలవాటు కానిది ఒక్కటే: చిన్న, తెలియని చప్పుడు. అలమరలో ఒక గ్లాసు ప్రతి ఊపుకూ టక్, టక్ మంటుంది. లేచి తలుపు తీస్తే ఆగిపోతుంది. పడుకుంటే మళ్ళీ మొదలు. గ్లాసుల మధ్య సాక్సులు కుక్కి రండి. నిద్ర కోసం చెవిలో ప్లగ్గులు పెట్టుకోవచ్చా అంటే పెట్టుకోవచ్చు, కానీ మిమ్మల్ని భుజం తట్టి లేపాలని వాచ్‌లో ఉన్నవాళ్ళకు ముందే చెప్పండి.

బట్టలన్నీ తడిసే ఉంటాయా? ఆరవా?

మంచినీళ్ళతో తడిస్తే ఆరతాయి. సముద్రపు నీళ్ళతో తడిస్తే ఆరినట్టు నటిస్తాయి. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగమైన సోడియం క్లోరైడ్, గాలిలో తేమ 75 శాతం దాటితే నీటిని లాక్కోవడం మొదలుపెడుతుంది. పక్కనే ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం చాలు. సముద్రం మీద గాలి అంతకంటే చాలా తేమగానే ఉంటుంది. అందుకే మధ్యాహ్నం ఎండకు పెళపెళలాడిన చొక్కా రాత్రికి మళ్ళీ చెమ్మగిల్లుతుంది.

దీని నుంచి ఒక నియమం పుడుతుంది. ఉప్పు తగిలిన బట్టలు మెట్ల దగ్గరే ఆగిపోవాలి, పరుపు దాకా రాకూడదు. ఒకసారి పరుపుకు ఉప్పు పట్టిందంటే ప్రయాణం ముగిసేదాకా అది చెమ్మగానే ఉంటుంది. ఒక జత పొడి బట్టలు, ఒక జత సాక్సులు గాలి చొరని సంచిలో పెట్టి, నిద్రకు మాత్రమే వాడండి. తడి బట్టల్లో వాచ్‌కు తిరిగి వెళ్ళడం చిరాకే. పొడి జత కూడా తడిపేసుకుని ఆ తర్వాత వారమంతా వణకడం అంతకంటే చిరాకు.

పైకప్పు కారడం వేరే సంగతి. రేవులో చుక్క కారని పడవ కూడా సముద్రంలో వంగి మెలికలు తిరిగేటప్పుడు బోల్టుల దగ్గర, కిటికీ అంచుల దగ్గర కారుతుంది. ఆ చుక్క సరిగ్గా మీ దిండు మీదే ఎందుకు పడుతుందో భౌతికశాస్త్రం ఇంకా చెప్పలేదు.

కూర్చునే చోట పుండ్లు పడతాయట, నిజమేనా?

నిజమే. సిగ్గుపడి దాచేది ఇదే, ముదిరేదాకా. ఉప్పు తడి, రాపిడి, గంటల తరబడి గట్టి బల్ల మీద కూర్చోవడం. మూడూ కలిసి ముందు ఎర్రటి పొక్కులు, తర్వాత పుండ్లు. రోజుకోసారి మంచినీళ్ళ గుడ్డతోనో తడి వైప్స్‌తోనో తుడిచి, బాగా ఆరనిచ్చి, జింక్ ఉన్న క్రీము రాయండి. లోదుస్తులు తరచుగా మార్చండి. వాచ్ మధ్యలో లేచి నిలబడండి. చేతివేళ్ళ పగుళ్ళకూ ఇదే వైద్యం: ఉప్పు కడగడం, క్రీము రాయడం.

టాయిలెట్ ఎలా?

అడగడానికి మొహమాటపడే ప్రశ్న, అందరికీ ముందు కావాల్సిన జవాబు.

ఆ గది అలమరంత ఉంటుంది, ఊగుతుంది, గాలి ఆడదు. ఆడా మగా తేడా లేకుండా అందరూ కూర్చునే పని కానివ్వాలి. నిలబడతాననే పట్టుదల ఉన్నవాళ్ళు తర్వాత గోడలు తుడవాలి. తలతో ఎదుటి గోడను, మోకాళ్ళతో పక్క గోడలను నొక్కి పట్టుకోవడం వచ్చేస్తే సగం పని అయినట్టే. పడవ అంచున నిలబడి సముద్రంలోకి పోయడం మగవాళ్ళలో పాత అలవాటు. నడిసముద్రంలో రాత్రిపూట ఇది వద్దని స్కిప్పర్ చెబితే అందులో వాదన లేదు.

పంపులో తినని పదార్థమేదీ పడకూడదంటారు. కాగితం కూడా విడిగా సంచిలో వేయమనే పడవలు ఎక్కువ. గొట్టం మూసుకుపోతే దాన్ని విప్పేది మూసినవాళ్ళే, అలిఖిత చట్టం. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే భయపడకండి. గొట్టాల్లో నిలిచిపోయిన సముద్రపు నీటిలోని సూక్ష్మజీవులు చచ్చి కుళ్ళితే వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అది. చాలాకాలం కదలని పడవలో మొదటి రోజుల్లో మరీ ఎక్కువ. బాగా పంపు కొడితే తగ్గుతుంది.

మొదటి మూడు నాలుగు రోజులు మలబద్ధకం చాలా మామూలు. నీళ్ళు తక్కువ తాగడం, కదలిక లేకపోవడం, ఆ గదిని తలచుకుంటేనే వాయిదా వేయడం కారణాలు. నీళ్ళు, ఎండు పళ్ళు దగ్గర పెట్టుకోండి.

స్నానం?

లెక్క వేసుకోండి. ట్యాంకులో 300 లీటర్లు, నలుగురు మనుషులు, 15 రోజులు. మనిషికి రోజుకు 5 లీటర్లు, అందులోనే తాగడం, వంట. స్నానానికి ఏం మిగులుతుంది? వాటర్‌మేకర్ (సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే యంత్రం) ఉన్నా అది పాడవదనే లెక్కతో బయల్దేరకూడదు. బకెట్ సముద్రపు నీళ్ళతో ఒళ్ళు తోముకుని, చివర్లో ఒక మగ్గు మంచినీళ్ళతో ఉప్పు దించుకోవడం సముద్రంలో స్నానం. చల్లటి ప్రాంతాల్లో అదీ ఉండదు. ఊరట ఏమిటంటే అందరూ ఒకేలా కంపు కొడతారు, మూడో రోజు నుంచి ఎవరికీ తెలియదు.

వంట ఎవరు చేస్తారు? ఏం తింటాం?

వంతులవారీగా అందరూ. కానీ కింద పొయ్యి ముందు నిలబడగలిగేవాళ్ళు మొదటి రెండు రోజులు ఒక్కరో ఇద్దరో ఉంటారు. అందుకే ఆ రోజుల భోజనం రేవులోనే వండి పెట్టుకోవాలి. వేడి చేసి, లోతైన గిన్నెలో వేసుకుని, చెంచాతో తినేసేవే ఉత్తమం. పళ్ళేలు అలమరలోనే ఉండనివ్వండి.

పొయ్యి ఊగే చట్రం మీద ఉంటుంది, పడవ వంగినా అది నిటారుగానే ఉంటుంది. వంట చేసే మనిషి మాత్రం ఊగుతాడు. మరిగే నీళ్ళు ఒలికి కాలడం సముద్రంలో తరచుగా జరిగే, మానడానికి చాలా రోజులు పట్టే గాయం. ఉక్కగా ఉన్నా సరే రబ్బరు ప్యాంటు వేసుకుని వండండి. కెటిల్ సగానికి మించి నింపొద్దు. కప్పును చేత్తో పట్టుకుని పోయకుండా సింకులో పెట్టి పోయండి.

చెత్త కూడా ఒక అసౌకర్యమే. 1988 చివరి నుంచి అమల్లో ఉన్న మార్పోల్ (ఓడల వల్ల జరిగే కాలుష్యంపై అంతర్జాతీయ ఒప్పందం) ఐదో అనుబంధం ప్రకారం ప్లాస్టిక్‌ను సముద్రంలో ఎక్కడా వేయకూడదు. అంటే రెండు మూడు వారాల ప్యాకెట్లు పడవలోనే మీతో ఉంటాయి. ప్రతిదాన్నీ సముద్రపు నీళ్ళతో కడిగి కట్టిపెట్టకపోతే ఆ సంచి ఎక్కడుందో చీకట్లో కూడా తెలుస్తుంది.

ఉష్ణమండలంలో వెళ్తే చలి ఉండదు కదా?

ఉంటుంది, రాత్రి. తడి ఒళ్ళు, ఆగని గాలి, మూడు గంటలు కదలకుండా కూర్చోవడం. ఒక వెచ్చటి పొర ఎక్కడికైనా తీసుకెళ్ళాలి. పగలు దీనికి తిరగబడి ఉంటుంది. అలలు ఎగిరిపడుతుంటే కిటికీలు తెరవలేం, లోపల ఆవిరి గదే. ఇంజన్ ఆన్‌లో ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

సెయిల్‌బోట్ కదా, ఇంజన్‌తో బాధ ఏముంటుంది?

గాలి పడిపోతే తేదీ ఆగదు కాబట్టి డెలివరీలో ఇంజన్ గంటల తరబడి నడుస్తుంది. హోరు, వేడి, డీజిల్ వాసన. అది భరించవచ్చు. చుక్కలు చూపించేది అది ఆగిపోయినప్పుడు.

రేవులో ఏళ్ళ తరబడి నిలిచిన పడవ ఇంధన ట్యాంకు అడుగున మడ్డి పేరుకుని ఉంటుంది. నీళ్ళు కదలనంతకాలం అది కదలదు. మొదటి పెద్ద అలలకు చిలికినట్టై పైకి లేచి ఫిల్టర్‌లో ఇరుక్కుంటుంది. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు మెట్లు ఊడదీసి, టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని, వేడి ఇంజన్ పక్కన బోర్లా పడుకోవాలి. ఫిల్టర్ గిన్నె విప్పగానే నల్లటి డీజిల్ మణికట్టు మీదుగా మోచేతికి కారుతుంది. రబ్బరు వాషరు జారి ఇంజన్ కింది మురికి నీళ్ళలో పడుతుంది. దాన్ని వేళ్ళతో వెతుకుతుంటే తల పడవతో పాటు ఊగుతుంటుంది. అప్పటిదాకా సీ సిక్‌నెస్ ఎరగని గట్టి మనుషులు కూడా ఇక్కడ బకెట్ అడుగుతారు. కొత్త ఫిల్టర్ పెట్టి, గొట్టాల్లోని గాలి బయటికి తీసేసరికి అరగంటో గంటో. మర్నాడు అదే ఫిల్టర్ మళ్ళీ మూసుకుపోతుంది.

బయల్దేరే ముందు పడవలో విడి ఫిల్టర్లు ఎన్ని ఉన్నాయని అడగండి. 'ఒకటి ఉండాలి' అనే జవాబు వస్తే అది జవాబు కాదు.

కొత్త పడవకు మడ్డి బాధ లేదు, దాని బాధలు దానివి. పరుపులకు, నేలకు ప్లాస్టిక్ చుట్టి ఉంటుంది, మాసిపోకూడదని. చెమట పట్టిన ఒంటితో ఆ ప్లాస్టిక్ మీద నిద్రపోవాలి. అల్మరాలు, ఓవెన్ ముట్టుకోవద్దంటారు. ఫ్యాక్టరీలో బిగించీ బిగించని ప్రతి మరా మీ ప్రయాణంలోనే ఊడి తన సంగతి చెబుతుంది.

ఆటోపైలట్ పాడైతే?

అప్పటిదాకా పడ్డవన్నీ సుఖాలనిపిస్తాయి. చేత్తో చుక్కాని పట్టడం ఒక గంట ఆనందం, మూడో గంటకు భుజాల నొప్పి. వాచ్‌లో ఒంటరిగా ఉన్నవాళ్ళు టీ కాచుకోలేరు, టాయిలెట్‌కు వెళ్ళలేరు, తెరచాప సరిచేయాలంటే ఇంకొకర్ని లేపాలి. కేనరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నుంచి కరీబియన్‌లోని సెయింట్ లూసియాకు దాదాపు 2,700 నాటికల్ మైళ్ళు, రోజుకు 150 మైళ్ళ చొప్పున 18 రోజులు. మూడో రోజున ఆటోపైలట్ పోతే మిగిలిన లెక్క మీరే వేసుకోండి. ఇంకా వెనక్కి తిరిగే దూరంలో ఉంటే, అలాంటప్పుడు తిరగడం పిరికితనం కాదని నా అభిప్రాయం.

లైఫ్ జాకెట్ ఎప్పుడూ వేసుకోవాలా? మెడ ఒరుసుకుపోతోంది.

కాలర్ ఉన్న చొక్కా వేసుకోండి, పట్టీ సరిచేసుకోండి, కానీ వేసుకోండి. రాత్రి, ఒంటరిగా ఉన్నప్పుడు, గాలి పెరిగినప్పుడు జాకెట్‌కున్న తాడును పడవకు తగిలించుకోకుండా మెట్లు దాటకూడదు. ఆ తాడు కాళ్ళకు అడ్డం పడుతుంది, విసిగిస్తుంది. రాత్రిపూట నీళ్ళలో పడిన మనిషి తల అలల మధ్య కొన్ని క్షణాల్లోనే కనుమరుగవుతుంది. పైన ఒక్కరే మేలుకుని ఉన్న పడవలో ఎవరూ చూడనే చూడరు.

లేని గొంతులు వినిపిస్తాయంటారు?

వినిపిస్తాయి. నిద్ర తక్కువైన మెదడు నీళ్ళ గలగలలో మాటలు వెతుక్కుంటుంది. పక్క గదిలో రేడియో మోగుతున్నట్టు, ఎవరో మన పేరు పిలిచినట్టు ఉంటుంది. 1895లో ఒంటరిగా ప్రపంచం చుట్టడానికి బయల్దేరి 1898లో పూర్తిచేసిన జాషువా స్లోకమ్, అజోర్స్ దీవులు దాటాక కడుపునొప్పితో పడిపోయి ఉన్నప్పుడు తన చుక్కాని దగ్గర కొలంబస్ కాలపు నావికుడొకడు నిలబడి ఉండటం చూశాడట. 'నేను పింటా ఓడ పైలట్‌ను' అని పరిచయం కూడా చేసుకున్నాడట. గొంతులు వినిపిస్తే దెయ్యాల భయం పెట్టుకోకండి. స్కిప్పర్‌కు చెప్పి ఒక పూట ఎక్కువ నిద్రపోండి.

మిగతావాళ్ళతో పడకపోతే?

పది పన్నెండు మీటర్ల పడవలో అలిగి వెళ్ళడానికి చోటుండదు. గొడవలు పెద్ద విషయాల మీద రావు. కడగని కప్పు, ఐదు నిమిషాలు ఆలస్యంగా వాచ్‌కు రావడం, అడగకుండా చివరి చాక్లెట్ తినడం. అందులో ఆలస్యం అన్నిటికంటే చేటు. మూడు గంటలు చలిలో కూర్చున్నవాడికి ఆఖరి ఐదు నిమిషాలు చాలా పొడుగ్గా ఉంటాయి. టైముకు రెండు నిమిషాల ముందు పైకి రండి. మీరు ఎలాంటివాళ్ళైనా మిగతావాళ్ళు సర్దుకుపోతారు.

ఇంటర్నెట్ ఉంటుందా?

ఇప్పుడు చాలా పడవల్లో స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ ఉంటోంది. కరెంటు ఎక్కువ తింటుంది కాబట్టి రోజంతా ఆన్‌లో పెట్టరు. కొన్నిటిలో ఇరిడియం ఉపగ్రహ ఫోనే ఉంటుంది, వాతావరణ సమాచారానికీ పొట్టి సందేశాలకూ సరిపోతుంది. రెండు రోజులు మీ నుంచి కబురు రాకపోతే కంగారు పడొద్దని ఇంట్లో ముందే చెప్పి రండి. పడవలో మీరు ప్రశాంతంగా నిద్రపోతుంటే ఇంట్లో వాళ్ళు టెన్షన్ పడే ప్రయాణం ఇది.

ఒప్పుకునే ముందు స్కిప్పర్‌ను ఏం అడగాలి?

మొత్తం ఎంతమంది, వాచ్‌లు ఎలా, ఆటోపైలట్‌కు విడిభాగాలున్నాయా, తాగునీళ్ళు ఎన్ని లీటర్లు, పడవ చివరిసారి సముద్రంలోకి ఎప్పుడు వెళ్ళింది, తిరుగు ప్రయాణం టికెట్ ఎవరిది. ఇవి అడిగితే చిరాకుపడే స్కిప్పర్ పడవ ఎక్కకపోతేనే మంచిది. తేదీ గురించి మాత్రం హామీ అడగకండి. వెనక్కి వెళ్ళే విమానం టికెట్ మార్చుకోగలిగేది తీసుకోండి.

ఒడ్డుకు చేరాక వెంటనే హోటల్‌కు వెళ్ళి పడుకోవచ్చా?

ఇంకా లేదు. ఇమిగ్రేషన్, కస్టమ్స్ అయ్యేదాకా చాలా రేవుల్లో స్కిప్పర్ తప్ప ఎవరూ దిగకూడదు. ఆ తర్వాత పడవను యజమాని చూసే స్థితికి తేవాలి. డెక్ మీది ఉప్పు కడగాలి, మూలల్లో ఇరుక్కుని ఎండిపోయిన ఎగిరే చేపలను వాసనపట్టి వెతకాలి, పరుపులు ఎండబెట్టాలి, టాయిలెట్ తోమాలి. అరపూట పని, ఒక్కోసారి రోజంతా. సరిగ్గా అందరూ ఓపిక అయిపోయి ఉన్నప్పుడు.

నేల ఊగుతున్నట్టు ఉంటే అది మామూలే, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. స్నానాల గదిలో కళ్ళు మూసుకుని తల రుద్దుకునేటప్పుడు మరీ తూలుతుంది, గోడ పట్టుకోండి. వారాల తరబడి తగ్గకపోతే డాక్టర్‌కు చూపించుకోండి. సంచిలోని బట్టలను మాత్రం ఆ రోజే మంచినీళ్ళలో రెండుసార్లు జాడించండి, జిప్పులతో సహా. ఉప్పు పట్టిన జిప్పు వారం తర్వాత కదలదు.